ఎకరానికి ఎన్ని లీటర్లు? చమురు ధర, సేద్యం లెక్క

(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చోవాలనుకునేవాళ్లు అక్కడే ఉండండి, ఏం పర్వాలేదు.

ముందు ఒక ప్రశ్న. మీ ఎకరం వరికి పొడి దుక్కి నుంచి ధాన్యం కొనుగోలు సెంటరుకు చేరేదాకా ఎన్ని లీటర్ల డీజిల్ కాలుతుంది? చూశారా, ఎవరూ మాట్లాడటం లేదు. ఎకరానికి యూరియా ఎన్ని బస్తాలు అంటే టక్కున చెప్తారు. నాటుకు ఎంతమంది కూలీలు, ఎంత కూలి అంటే పైసలతో సహా చెప్తారు. డీజిల్ దగ్గరికి వచ్చేసరికి "అది ట్రాక్టరోళ్లకు తెలుసు" అంటారు. ట్రాక్టరాయనకు తెలుసు, మీకు తెలియదు. ఇద్దరిలో ఒకరికే లెక్క తెలిస్తే బేరం ఎవరి పక్కకు ఒరుగుతుంది?

అందుకని ఇవాళ అంతర్జాతీయ మార్కెట్ నుంచి కాకుండా మీ మడి నుంచి మొదలుపెడదాం. కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి.

45 హెచ్‌పీ ట్రాక్టరు, తొమ్మిది కొర్రుల కల్టివేటర్. పొడి దుక్కి ఒక సాలుకు ఎకరానికి 4 లీటర్లు. ఇరువాలు దున్నితే ఇంకో 4. మొత్తం 8. తర్వాత నీళ్లు నిలిపి మడిని బురద చేసే దమ్ము, కొన్ని ఊళ్లలో కరిగెట్టు అంటారు. ఇనుప చక్రాలు కట్టి ఒకసారి తిప్పితే ఎకరానికి 6 లీటర్ల దాకా పోతుంది. రెండుసార్లు తిప్పితే 12. ఆఖరున చదును చేయడానికి 3. ఇక్కడికి 23 లీటర్లు అయింది, ఇంకా నాటే పడలేదు. తర్వాత కోత. టైర్ల మిషన్ అయితే ఎకరానికి 9 లీటర్లు, చైన్ మిషన్ అయితే 14. ధాన్యం పొలంలోంచి కల్లానికి, కల్లం నుంచి సెంటరుకు తోలడానికి ఒక 4. కలపండి. టైర్ల మిషన్‌తో 36, చైన్ మిషన్‌తో 41. నల్లరేగడిలో ఇంకొంచెం ఎక్కువ, చలక నేలలో కొంచెం తక్కువ. మనం 40 అనుకుందాం, లెక్కకు సులువు.

ఇందులో నీళ్ల ఖర్చు రాయలేదేమని అడగొచ్చు. మన దగ్గర బోరు మోటార్లకు కరెంటు ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచీ ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు చేశారు. బీహార్ లాంటి చోట డీజిల్ ఇంజన్లతో నీళ్లు తోడుకునేవాళ్లకు డీజిల్ ధర పెరిగితే మొదట దెబ్బ తగిలేది నీళ్ల మీద. మనకు ఆ బాధ చాలావరకు లేదు. కానీ కాలువ చివరి భూముల వాళ్లున్నారు కదా, ఆయిల్ ఇంజన్ పెట్టి వాగులోంచో, మురుగు కాలువలోంచో తోడుకునేవాళ్లు. వాళ్ల లెక్క వేరు. 5 హెచ్‌పీ ఇంజను గంటకు లీటరు తాగుతుంది. ఎకరంలో రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టాలంటే రెండు లక్షల లీటర్ల నీళ్లు కావాలి, అంటే దాదాపు అయిదు గంటలు ఇంజను నడవాలి. తడికి 5 లీటర్ల డీజిల్. ఆరు తడులు ఇలా పెట్టాల్సి వచ్చిందనుకోండి, 30 లీటర్లు. మనం 40 రాసుకున్నచోట ఆయన 70 రాసుకోవాలి. అదే ఊరు, అదే పంట. కాలువ మొదట్లో ఉన్నాయన, చివర్లో ఉన్నాయన ఒకే మద్దతు ధరకు అమ్ముతారు.

సరే. లీటరుకు పది రూపాయలు పెరిగితే ఎకరానికి పెరిగే ఖర్చెంత? 400. పాతిక క్వింటాళ్లు పండితే క్వింటాలుకు 16 రూపాయలు. "ఇంతేనా? దీనికేనా మీటింగు?" అని మీరు అనుకోవచ్చు. కాగితం మీద ఇంతే. అయితే ఈ 400 మీ చేతికి 400గా రాదు. ఎలా మారి వస్తుందో చెప్తాను, 2022 యాసంగి తీసుకుందాం, అందరికీ గుర్తుండే ఉంటుంది.

2021 నవంబరు 4న కేంద్రం డీజిల్ మీద ఎక్సైజు పన్ను 10 రూపాయలు తగ్గించింది. హైదరాబాద్‌లో లీటరు 94 రూపాయల 62 పైసలకు వచ్చింది. తర్వాత నాలుగున్నర నెలలు ధర కదల్లేదు. ఆ మధ్యలోనే ఉత్తరప్రదేశ్, పంజాబ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు జరిగాయి. ఆ మధ్యలోనే ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. బయట ముడి చమురు మండిపోతోంది, మన బంకులో మీటరు మాత్రం కదల్లేదు. మార్చి 22న కదిలింది. అక్కడి నుంచి ఏప్రిల్ 6 దాకా, 16 రోజుల్లో 14 సార్లు పెంచారు. హైదరాబాద్‌లో 94.62 నుంచి 105.49కి చేరింది.

ఏప్రిల్ మొదటి వారం అంటే మనకేంటి? యాసంగి కోతలు మొదలయ్యే రోజులు. మిషన్లు ఊళ్లోకి దిగే రోజులు. మళ్లీ ఎక్సైజు ఎప్పుడు తగ్గించారు? మే 22న, డీజిల్ మీద 6 రూపాయలు. ధర 97.82కి దిగింది. అప్పటికి మన కోతలు చాలావరకు అయిపోయాయి. పెరిగినప్పుడు మన పంట పొలంలో ఉంది. తగ్గేసరికి గడ్డి కట్టలు కూడా ఇంటికి చేరాయి.

ఇక్కడ చిన్న లెక్క చెప్పి ముందుకు వెళ్తాను. ఆ 16 రోజుల్లో ఢిల్లీలో పెరిగింది సరిగ్గా 10 రూపాయలు. హైదరాబాద్‌లో 10 రూపాయల 87 పైసలు. ఆ 87 పైసలు ఎక్కడివి? వ్యాట్. అంటే రాష్ట్రం వేసే అమ్మకం పన్ను. అది ఢిల్లీలోనూ ఉంది, కానీ తెలంగాణలో ఎక్కువ, డీజిల్ మీద 27 శాతం. శాతం అంటే ఏమిటి? అసలు ధర పెరిగిన కొద్దీ పన్ను కూడా పెరుగుతుంది. కంపెనీ రూపాయి పెంచితే బంకులో రూపాయి 27 పైసలు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 22.25 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకో రూపాయి. తగ్గేటప్పుడు కూడా ఇదే లెక్కన ఎక్కువ తగ్గాలి కదా అంటారు. తగ్గుతుంది, తగ్గించినప్పుడు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ముడి చమురు పీపా 20 డాలర్లకు అటూ ఇటూ పడిపోయింది. మన బంకులో పడిందా? మార్చిలో 3 రూపాయలు, మేలో 13 రూపాయలు డీజిల్ మీద ఎక్సైజు పెంచి ఆ తేడా ఖజానాకు తీసుకున్నారు. లీటరుకు కేంద్ర పన్ను ఒక్కటే 31 రూపాయల 83 పైసలైంది. డీజిల్ జీఎస్టీలో లేదు. మీరు సేద్యానికి కొన్నా, ఊళ్లో కారుకు కొన్నా ఒకటే పన్ను. అందులో లీటరుకు 4 రూపాయలు "వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు" అని 2021 బడ్జెట్‌లో పెట్టారు. వ్యవసాయం పేరుతో వేసిన పన్ను దుక్కి దున్నేవాడి డీజిల్ మీద కూడా పడుతుంది. నవ్వకండి, నిజమే చెప్తున్నా.

పేపర్లో "చమురు పది డాలర్లు పెరిగింది" అని చదివినప్పుడు మీకెంత పడుతుందో మీరే లెక్కేసుకోవచ్చు. పీపా అంటే 159 లీటర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే, పీపాకు ఒక డాలరు పెరిగితే లీటరుకు 57 పైసలు. వ్యాట్‌తో కలిపి 72 పైసలు. పది డాలర్లకు ఏడు రూపాయల పైచిలుకు. రూపాయి విలువ పడిపోతే చమురు పెరగకపోయినా ఇంతే. ఇది పూర్తిగా మన మీద వేస్తే సంగతి. వేస్తారా, ఎప్పుడు వేస్తారు అనేది మాత్రం ఈ లెక్కలో రాదు.

ఇప్పుడు కిరాయికి వద్దాం. అసలు సంగతి ఇక్కడుంది.

మన ఊళ్లలో సొంత ట్రాక్టరు ఉన్నవాళ్లు ఎందరు? కోత మిషన్ ఉన్నవాళ్లు ఎందరు? కాబట్టి మనలో ఎక్కువమంది డీజిల్ బంకులో కొనరు, కిరాయిలో కొంటారు. బంకులో అయితే మీటరు కనబడుతుంది. కిరాయిలో కనబడదు. చైన్ మిషన్ తీసుకోండి. గంటకు 10 లీటర్లు తాగుతుంది. లీటరుకు 10 రూపాయలు పెరిగితే ఓనరుకు గంటకు పెరిగే ఖర్చు 100. ఆ మిషన్ తమిళనాడు నుంచి లారీ మీద వస్తుంది, ఆ లారీకీ డీజిలే. రాను 800 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్లు, 200 లీటర్లు. పోను ఇంకో 200. పది రూపాయలు పెరిగితే 4,000 అదనం. సీజనులో మిషన్ 200 గంటలు తిరిగితే గంటకు 20. ఇంజనాయిల్, గ్రీజు, హైడ్రాలిక్ ఆయిల్ కూడా చమురు సరుకే, దానికి ఇంకో 10 వేయండి. మొత్తం 130. న్యాయంగా కిరాయి గంటకు 130, పోనీ 150 పెరగాలి. ఊళ్లో ఎంత పెంచుతారు? 300, 400 పెంచుతారు. మిగతాది ఎక్కడిది?

మిషన్ ఓనరును తిడుతున్నానని అనుకోవద్దు. ఆయనకు కిస్తీలుంటాయి, డ్రైవరు బత్తా ఉంటుంది, బెల్టు తెగితే రోజంతా పోతుంది. సీజను చూస్తే 20, 25 రోజులు. కానీ రేటు పెట్టేది చాలాచోట్ల ఆయన కాదు, మధ్యలో ఉండే ఏజెంటు. మిషన్‌ను ఊరికి తెచ్చేది ఆయనే, వరస రాసేది ఆయనే, గంటకింత అని తీసుకునేది ఆయనే. డీజిల్ పెరిగిందన్న మాట ఆయనకు ఒక సందు. ఆకాశంలో మబ్బు పట్టింది, వడ్లు రాలుతున్నాయి, పక్క మడిలో మిషన్ ఆడుతోంది. ఆ క్షణంలో ఎవరైనా కాగితం కలం తీసి లెక్క అడుగుతారా? అడగరు. ఇక పెరిగిన కిరాయి తర్వాత సీజనులో డీజిల్ తగ్గినా దిగదు. అందుకే అడగాల్సింది కోత రోజున కాదు, పదిహేను రోజుల ముందు, అదీ నలుగురు కలిసి అడగాలి.

ఎలా అడగాలి? ఒక చిన్న సూత్రం. ఇంజను హెచ్‌పీకి గంటకు లీటరులో అయిదో వంతు, అది నిండు బరువు మీద. 45 హెచ్‌పీ ట్రాక్టరు నిండు బరువు మీద 9 లీటర్లు తాగుతుంది, మామూలు పనిలో సగం పైచిలుకు, 5 లీటర్లు. డీజిల్ 100 అనుకుంటే గంటకు 500. కిరాయి వెయ్యి అయితే అందులో సగం డీజిల్. కాబట్టి డీజిల్ నూటికి పది పెరిగితే ట్రాక్టరు కిరాయి నూటికి అయిదు పెరగాలి. చైన్ మిషన్ గంటకు 3,000 అయితే డీజిల్ వాటా 1,000, మూడో వంతు. డీజిల్ పది శాతం పెరిగితే కిరాయి మూడు, మూడున్నర శాతం. గుర్తుపెట్టుకోండి, ట్రాక్టరుకు సగం, మిషన్‌కు మూడో వంతు.

ఇంకా మంచి పద్ధతి, కిరాయిని రెండు ముక్కలు చేయడం. మిషన్ కిరాయి వేరు, డీజిల్ వేరు. డీజిల్ మేం పోయిస్తాం, మిషన్‌కు గంటకు ఇంత అని మాట్లాడుకోవడం. అప్పుడు ధర పెరిగినా తగ్గినా మీకు కనబడుతుంది. ఇది కొన్ని ఊళ్లలో ఇప్పటికే ఉంది. కానీ ఇందులో తిరకాసు ఉంది, అది కూడా చెప్పాలి. డీజిల్ మీదైతే డ్రైవరుకు పొదుపు పట్టదు. ఇంజను ఆపకుండా బీడీ కాలుస్తాడు, ఎక్కువ రేసులో తోలతాడు. ఊరికే ఆన్‌లో ఉన్న ట్రాక్టరు కూడా గంటకు లీటరు తాగుతుంది. అందుకని ఎకరానికి ఇన్ని లీటర్లు అని ముందే ఒప్పుకోవాలి, పైన అయితే ఓనరుది. ఆ "ఇన్ని లీటర్లు" ఎంతో తెలియాలంటే ఒకసారి కొలవాలి.

కొలత ఎలా తీయాలి? బండిని చదునైన చోట పెట్టండి. చదును ముఖ్యం. ఒకపక్క ఒరిగి ఉంటే రెండు మూడు లీటర్లు తేడా వస్తుంది. ట్యాంకు మూత దాకా నింపండి. నింపగానే నురగ వస్తుంది. అయిదు నిమిషాలు ఆగండి, నురగ దిగాక మళ్లీ పోయండి. నిండిందని అప్పుడు ఒప్పుకోవాలి. ఒక ఎకరం పని చేయించండి, సరిగ్గా ఎకరం, గట్లతో సహా కాదు. పని అయ్యాక బండిని అదే చోటికి, అదే దిక్కుకు తెచ్చి పెట్టండి. గీతలున్న డబ్బాతో మళ్లీ మూత దాకా పోయండి. ఎన్ని లీటర్లు పట్టిందో అదే మీ ఎకరం లెక్క. దుక్కికి ఒకసారి, దమ్ముకు ఒకసారి, కోతకు ఒకసారి. మూడు కొలతలు. ఊరికి ఒక్కరు తీస్తే చాలు, అందరికీ పనికొస్తుంది.

ఇక వాడకం తగ్గించడం. సొంత ట్రాక్టరు ఉన్నవాళ్లకు రెండు ముక్కలు చెప్పి, అసలు విషయానికి పోతాను. నల్ల పొగ వస్తుంటే డీజిల్ కాలకుండా పొగగొట్టం లోంచి పోతోందని అర్థం. మొదట చూడాల్సింది ఎయిర్ క్లీనర్. దుమ్ములో పనిచేసే రోజుల్లో అడుగున ఉన్న ఆయిల్ గిన్నె రోజూ చూడాలి, మట్టి పేరుకుంటే మార్చాలి. అది బాగుంటే నాజిళ్లు చూపించండి. తేలికపాటి పనికి గేరు పెంచి రేసు తగ్గించండి. రోటావేటర్ పళ్లు అరిగిపోతే మట్టి కొయ్యదు, రుద్దుతుంది. రెండుసార్లు తిప్పాల్సి వస్తుంది. పైపు దగ్గర సెకనుకో చుక్క కారుతుంటే ఏముందిలే అనుకుంటారు. లెక్కేయండి, రోజుకు నాలుగు లీటర్ల పైనే. బంకు కన్నా తక్కువకు వస్తుందని డ్రమ్ముల్లో అమ్మే సరుకు పోస్తారు కొందరు, బయోడీజిల్ అని పేరు పెడతారు. పంపు పాడైతే మిగిలింది అంతా మెకానిక్కుకే.

అసలు విషయం మాత్రం కోత దగ్గర ఉంది. టైర్ల మిషన్‌కు 9 లీటర్లు, చైన్ మిషన్‌కు 14 అన్నాను. కిరాయిలో తేడా ఇంకా ఎక్కువ. ఎందుకు చైన్ మిషన్ పెట్టాల్సి వస్తోంది? మడి తడిగా ఉంటుంది కాబట్టి. మడి ఎందుకు తడిగా ఉంటుంది? ఉచిత కరెంటు, మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు. కోత ముందు రోజు దాకా నీళ్లు పారుతూనే ఉంటాయి. గింజ గట్టిపడ్డాక వరికి నిలవ నీళ్లు అక్కర్లేదు. కోతకు పది రోజుల ముందు నీళ్లు కట్టేయండి, రేగడి అయితే పన్నెండు, పదిహేను రోజుల ముందు. గట్టుకు గండి కొట్టి నిలవ నీళ్లు తీసేయండి. టైర్ల మిషన్ దిగుతుంది. వానాకాలం కోతల్లో తుపాను వస్తే మీ చేతిలో లేదు, అది వేరే. యాసంగిలో మాత్రం ఇది చాలావరకు మీ చేతిలోనే ఉంది.

రెండోది, పడిపోయిన వరి. నిలబడ్డ వరికన్నా పడిపోయిన వరికి మిషన్ ఎకరానికి అరగంట, గంట ఎక్కువ తీసుకుంటుంది. ఒకవైపు నుంచే కోయాలి, ఖాళీగా వెనక్కి రావాలి. ఎందుకు పడిపోతుంది? గాలి అంటారు. గాలి అందరి పొలంలోనూ వీస్తుంది. పడేది ఎక్కువగా యూరియా దండిగా పోసిన పొలం. ఎకరానికి ఒక బస్తా డీఏపీ, రెండు బస్తాల యూరియా వేస్తే నత్రజని 50 కిలోలు అందుతుంది, వరికి సిఫారసు కూడా దాదాపు అంతే. నాలుగు బస్తాలు వేసేవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తకండి, నాకు తెలుసు. ఆ అదనపు రెండు బస్తాల ఖరీదు 533 రూపాయలు. దాంతో కాండం మెత్తబడి వరి పడితే మిషన్ గంట ఎక్కువ ఆడుతుంది, 3,000. యూరియా చవక అనే కదా వేశారు?

యూరియా మాట వచ్చింది కాబట్టి చెప్తాను. యూరియా అంటే ఏమిటి? గ్యాసు. సహజ వాయువు నుంచి అమ్మోనియా, అమ్మోనియా నుంచి యూరియా. తయారీ ఖర్చులో సింహభాగం గ్యాసుదే. మన రామగుండం ఫ్యాక్టరీ కూడా ఒకప్పుడు బొగ్గుతో నడిచి 1999లో మూతపడింది, 2021లో మళ్లీ తెరిచినప్పుడు గ్యాసుతో తెరిచారు. ఆ గ్యాసులో చాలా భాగం ఓడల మీద వస్తుంది, ఖతార్ లాంటి దేశాలతో దీర్ఘకాలం ఒప్పందాల్లో గ్యాసు ధరను ముడి చమురు ధరకు ముడిపెడతారు. చమురు పెరిగితే గ్యాసు, గ్యాసు పెరిగితే యూరియా. కానీ మీరు కొనే బస్తా 266 రూపాయల 50 పైసలే. పెరిగింది సబ్సిడీలో ఖజానా మీద పడుతుంది. అందుకని యూరియాలో చమురు దెబ్బ మీకు ధరగా రాదు, కొరతగా వస్తుంది. 2025 వానాకాలంలో తెలంగాణలో సొసైటీల ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు కదా. ఆ ఏడు కారణం చమురు కాదు, దిగుమతులు తగ్గాయి, ఫ్యాక్టరీలు ఆగాయి. కానీ ధర కదలని సరుకు కొరతగా ఎలా మారుతుందో అక్కడ చూశాం.

డీఏపీ అలా కాదు, దాని ధర కదులుతుంది. అందులో అమ్మోనియా ఉంది, ఫాస్ఫారిక్ యాసిడ్‌కు గంధకం కావాలి, గంధకం ఎక్కువగా చమురు, గ్యాసు శుద్ధిలో వస్తుంది. 2021 ఏప్రిల్‌లో 1,200 ఉన్న బస్తాను 1,900 చేస్తామన్నారు. మే నెలలో కేంద్రం బస్తాకు సబ్సిడీని 500 నుంచి 1,200కు పెంచితే మళ్లీ 1,200 దగ్గర ఆగింది. తర్వాత 1,350 అయింది. పొటాష్ 2022లో 1,700 అయింది. పొటాష్ గనిలోంచి వస్తుంది, చమురుతో నేరుగా సంబంధం లేదు. ఓడ కిరాయి, యుద్ధం, ఆంక్షలు కలిసి పెంచాయి. అప్పుడు మనమేం చేశాం? పొటాష్ మానేశాం, యూరియా పెంచాం, ఎందుకంటే అదొక్కటే చవక. పొటాష్ తగ్గితే కాండం బలం తగ్గుతుంది. యూరియా పెరిగితే కాండం మెత్తబడుతుంది. రెండూ కలిసి వరిని పడేస్తాయి. పడిన వరికి మిషన్ రెండు గంటలు. బస్తా దగ్గర మిగిల్చింది మిషన్ దగ్గర పోయింది, డీజిల్ రూపంలో.

దమ్ము లేకుండా పొడి దుక్కిలో వెద పెట్టేవాళ్లు ఉన్నారా? ఇద్దరు ముగ్గురు, మంచిది. దమ్ముకు, ఆ తర్వాత చదునుకు పోయే 15 లీటర్లు మిగులుతాయి, నాటు కూలి మిగులుతుంది. డ్రమ్ సీడర్‌తో పెట్టినా ఇదే పొదుపు అనుకోవద్దు, దానికి దమ్ము కావాలి. పొడి వెదలో దెబ్బతినేది కలుపు దగ్గర. విత్తాక నేల తడిసిన 48 గంటల్లోపు పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరానికి లీటరు నుంచి లీటరుంబావు, 200 లీటర్ల నీళ్లలో కొట్టాలి. ఆలస్యమైతే సరిగా పని చేయదు. ఆ మందు కొట్టని ఎకరంలో మిగిలిన డీజిల్ డబ్బు కలుపు కూలీలకు పోయి, ఇంకా చేతి నుంచి పడుతుంది. నేల చదునుగా లేకపోయినా వెద జోలికి పోకండి.

మల్చింగ్ షీటు, డ్రిప్ పైపు, టార్పాలిన్ పట్టాలు, ప్లాస్టిక్ సంచులు, వీటికి ముడిసరుకు చమురు నుంచే. పురుగు మందుల్లో కలిపే ద్రావకాలు కూడా అంతే. వరి రైతుకు ఇది పెద్ద లెక్క కాదు, కూరగాయల వాళ్లకు పెద్ద లెక్క.

కూరగాయలు, పండ్ల వాళ్లకు అసలు దెబ్బ మాత్రం లారీ. అనంతపురం నుంచి చీనీ, అంటే బత్తాయి, ఢిల్లీ పోతుంది. 2,100 కిలోమీటర్లు అనుకోండి, లారీ లీటరుకు 4 కిలోమీటర్లు. 525 లీటర్లు. పది రూపాయలు పెరిగితే 5,250. 20 టన్నుల లోడైతే కిలోకు 26 పైసలు. లారీ ఖాళీగా తిరిగొస్తే 52 పైసలు. ఢిల్లీలో కొని తినేవాడికి ఈ అర్ధరూపాయి కనబడనే కనబడదు. మరి ఎవరు భరిస్తారు? ఢిల్లీలోని ఆజాద్‌పూర్ టోకు మండీలో ధర అక్కడి సరఫరా, అక్కడి గిరాకీ తేలుస్తాయి. నాగ్‌పూర్ నుంచి వచ్చిన పండు కూడా అదే అంగడిలో ఉంటుంది, దాని దూరం సగం. అక్కడి ధర నుంచి కమీషను తీసి, హమాలీ తీసి, లారీ కిరాయి తీసి, మిగిలింది తోట దగ్గర ధర. కిరాయి పెరిగిందని మండీలో ధర పెరగదు, తోట దగ్గర ధర తగ్గుతుంది. దూరం ఎంత ఎక్కువైతే కోత అంత. అందుకే 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వేసినప్పుడు, రవాణా ఛార్జీలో సగం సబ్సిడీ ఇచ్చినప్పుడు, అది తోట దగ్గర ధరకే సాయం.

మద్దతు ధరలో ఇవన్నీ కలుపుతారు కదా అంటారు. కలుపుతారు, ఎప్పుడు? సాగు ఖర్చు సర్వే లెక్కలు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ పాత లెక్కలకు ధరల సూచీలు కలిపి ఈ ఏడాదికి అంచనా వేస్తారు. 105 రూపాయల డీజిల్‌తో 2022 ఏప్రిల్‌లో కోసిన వడ్లను మీరు అమ్మింది ఎంతకు? ఏ గ్రేడు 1,960, మామూలు రకం 1,940. ఆ ధర ప్రకటించినప్పుడు యుద్ధం లేదు. 2,040 అని పెంచింది జూన్‌లో, అదీ వచ్చే వానాకాలం పంటకు. ఈ సందు ఎవరు పూడ్చాలి? చేతిలో డబ్బుంటే మీరు, లేకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చే కమీషన్ వ్యాపారి. కౌలు రైతు అయితే మరీ. ఎకరానికి సాయం పేరుతో వచ్చేది ఎక్కువగా పట్టాదారు ఖాతాలో పడుతుంది, డీజిల్ పెరిగింది కౌలుదారు కిరాయిలో పడుతుంది. కౌలు మాత్రం ముందే మాట్లాడుకున్న బస్తాలు, ఒక్కటీ తగ్గదు.

సెంటరులో ఇంకో రూపంలో వస్తుంది. ధాన్యం మిల్లుకు తోలే లారీ ఖర్చు మీది కాదు, ప్రభుత్వానిది. కానీ కాంట్రాక్టరు పాత డీజిల్ రేటుకు టెండరు వేసి ఉంటాడు. డీజిల్ పెరిగాక ఆ రేటుకు లారీ యజమానులు రారు, వేరే లోడుకు పోతారు. సెంటరులో కుప్పలు పెరుగుతాయి. అకాల వాన వస్తుంది, తేమ కొనుగోలు హద్దు 17 శాతం దాటుతుంది, మళ్లీ ఆరబోత, మళ్లీ పట్టాల కిరాయి. డీజిల్ ధర ఎక్కడ మొదలైంది, మీ వడ్లు ఎక్కడ మొలకెత్తాయి!

చమురు పెరిగితే లాభపడే రైతులు కూడా ఉన్నారు, అది చెప్పకపోతే లెక్క సగమే. అశ్వారావుపేట, దమ్మపేట వైపు, ఉమ్మడి పశ్చిమ గోదావరి వైపు ఆయిల్‌పామ్ వేసినవాళ్లు. ఇండోనేసియా పామాయిల్‌ను డీజిల్‌లో కలుపుతుంది, అందుకే ముడి చమురు ఎక్కితే పామాయిల్ కూడా ఎక్కుతుంది. 2022 వేసవిలో టన్ను గెలలు 20 వేలు దాటాయి, ఆ ఏప్రిల్ చివర్లో ఇండోనేసియా ఎగుమతులు ఆపేయడం కూడా తోడైంది. ఏడాది తిరిగేసరికి 13 వేల దగ్గరికి దిగింది. 20 వేలు చూసి మొక్క పెట్టినవాళ్లకు నాలుగో ఏడు కాపు వచ్చేసరికి ఏ ధర ఉంటుందో చెప్పగలిగేవాళ్లు లేరు. పత్తికి కూడా కొంత లాభమే, చమురు పెరిగితే పాలిస్టరు ప్రియమవుతుంది. కానీ అదొక్కటే చూసి పత్తి వేయమని చెప్పను.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. బయట చెట్టు కింద ఒక ట్రాక్టరు ఉంది, కల్టివేటర్ తగిలించే ఉంది, పక్క చేను వాళ్లు దున్నుకోమన్నారు. డబ్బాలో 20 లీటర్లు తెప్పించాం. టీ తాగాక అటు రండి. ట్యాంకు ఎలా నింపాలి, నురగ దిగిందో లేదో ఎలా చూడాలి, ఎకరం ఎలా గీసుకోవాలి అన్నీ అక్కడే చేసి చూద్దాం. మొదటి సాలుకు 4 లీటర్లు అన్నాను కదా. ఈ నేలలో ఎంత పడుతుందో ఎవరికి వారు ముందే కాగితం మీద రాసుకుని రండి, ఎవరిది దగ్గరగా వస్తుందో చూద్దాం.